రాత్రి ఎనిమిది దాటితే ఇంట్లో థిన్నర్ వాసన: ఎక్కడి నుంచో పట్టుకోవడం ఎట్లా?

కింది_పోర్షన్
మాది హనుమకొండలో నయీంనగర్ వైపు, కింది పోర్షన్. రెండు వారాలుగా రాత్రి ఎనిమిదిన్నర అయ్యేసరికి ఇంట్లో రంగు డబ్బా మూత తీసినట్టు ఘాటు వాసన. పది దాటాక తగ్గుతుంది. అత్తయ్యకు ఉబ్బసం, ఆ టైంలో ఇన్‌హేలర్ రెండోసారి పీల్చాల్సి వస్తోంది. పాపకు తలనొప్పి. సందు చివర పెట్రోల్ బంకు ఉంది, వెనక వీధిలో కార్లకు రంగులేసే షెడ్డు ఉంది, ఇంటి ముందు మోరీ ఉంది. నాకు బంకు మీదే అనుమానం. ఆన్‌లైన్‌లో చిన్న మీటర్ కొన్నాను. టీవీఓసీ అని ఒక అంకె చూపిస్తుంది. పగలు 0.3 ఉంటుంది, రాత్రి 2 దాటుతోంది. ఫోన్‌లో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) మాత్రం పచ్చగానే ఉంది. దేన్ని నమ్మాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

ఓరుగల్లు_పోరడు
బంకే అయి ఉంటది అక్కా. సోమవారం ప్రజావాణిలో దరఖాస్తు ఇచ్చేయండి.

కాజీపేట_జంక్షన్
రాంపూర్ డంపింగ్ యార్డు వైపు నుంచి గాలి వస్తే మా దగ్గర కూడా ఊపిరాడదు. అదేమో చూడండి.

బంకు_డ్యూటీ
పదకొండేళ్లుగా బంకులో పనిచేస్తున్నాను, మీది కాదు, వేరే బంకు. ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. పెట్రోల్ వాసనకూ థిన్నర్ వాసనకూ తేడా మీకు తెలుస్తోందా? పెట్రోల్ ఆవిరి బంకులో ఎక్కువగా వచ్చేది ట్యాంకర్ దించేటప్పుడు. 12 వేల లీటర్లు భూమిలోని ట్యాంకులోకి దిగితే, అందులో అప్పటిదాకా ఉన్న ఆవిరి దాదాపు అంతే పరిమాణంలో పైకి రావాలి కదా. ఆ ఆవిరిని మళ్లీ ట్యాంకర్‌లోకి పంపే పైపు బిగించకపోతే వెంట్ గొట్టం నుంచి అంతా గాల్లోకే పోతుంది. కానీ రోజూ సరిగ్గా ఎనిమిదిన్నరకే ట్యాంకర్ రాదు. మా దగ్గరైతే రోజు విడిచి రోజు, అదీ పొద్దున.

ఓరుగల్లు_పోరడు
మీ బంకు కాబట్టి వెనకేసుకొస్తున్నారు అన్నా.

బంకు_డ్యూటీ
వెనకేసుకు రావడం కాదు తమ్ముడూ. ఆ ఆవిరి అందరికంటే ఎక్కువ పీల్చేది మేమే. నాజిల్ క్లిక్‌మని ఆగిపోయాక కూడా "రౌండ్ ఫిగర్ చెయ్యన్నా" అంటారు. ఆ చివరి పది రూపాయల పెట్రోల్ ట్యాంకు మూతి దగ్గర పొంగి నా ముఖం మీదికే వస్తుంది. తప్పు బంకుదైతే బంకుదనే చెబుతాను. టైం కుదరట్లేదు అంటున్నా, అంతే.

రసాయన_మాస్టారు
డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ముందు ఏక్యూఐ సంగతి. మన దేశంలో ఏక్యూఐ లెక్కలోకి వచ్చేవి ఎనిమిది: పీఎం 10, పీఎం 2.5, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. మీ ఇంట్లో వస్తున్న వాసన వీటిలో ఏదీ కాదు. థిన్నర్, పెట్రోల్, కిరోసిన్, నెయిల్ పాలిష్ లాంటివి మామూలు వేడికే ఆవిరయ్యే కర్బన పదార్థాలు, వాటినే వీఓసీలు అంటారు. అవి ఆ లెక్కలో లేవు. కాబట్టి ఫోన్‌లో పచ్చరంగు కనిపించినా మీ ముక్కు చెప్పింది అబద్ధం కాదు.

2009లో వచ్చిన జాతీయ గాలి ప్రమాణాల్లో ఈ జాతిలో పేరు పెట్టి చేర్చింది ముఖ్యంగా బెంజీన్‌నే. ఘనమీటరు గాలిలో ఏడాది సగటు 5 మైక్రోగ్రాములు దాటకూడదు. బెంజీన్ రక్త క్యాన్సర్ తెస్తుందని రుజువైంది, అందుకే అంత గట్టి హద్దు. మీ మీటర్ చూపించే మొత్తం వీఓసీ అంకెకు బయటి గాలి విషయంలో మన దగ్గర హద్దంటూ లేదు.

ఇంకో మాట. ముక్కుకు తెలిసిందే ప్రమాదం, తెలియనిది కాదు అనుకోవద్దు. బెంజీన్ వాసన మనకు తెలిసేసరికి అది ఆ హద్దుకు వందల రెట్లు దాటి ఉంటుంది. థిన్నర్లలో ఉండే టోలుయీన్ అంతకంటే తక్కువ మోతాదులోనే ముక్కుకు తగులుతుంది. మీకు వస్తున్నది ఎక్కువగా టోలుయీన్ రకం అని నా ఊహ. ఊహే సుమా.

మిర్చియార్డు
మా ఏనుమాముల మార్కెట్ పక్కన ఇల్లు కట్టుకుంటే ఏ వాసనా తెలియదు అక్కా, సీజన్‌లో తుమ్ములు తప్ప ఇంకేం ఉండవు. ఆ మిర్చి ఘాటు కూడా వీఓసీయేనా మాస్టారూ?

రసాయన_మాస్టారు
కాదు బాబూ. మిర్చి ఘాటు క్యాప్సైసిన్ వల్ల, అది అంత తేలికగా ఆవిరి కాదు. మిమ్మల్ని తుమ్మించేది గాల్లో లేచే మిర్చి దుమ్ము. మాస్క్ పెట్టుకుంటే ఆగుతుంది. థిన్నర్ ఆవిరి ఎన్95 మాస్క్‌లోంచి కూడా దూరిపోతుంది. తేడా అక్కడే ఉంది.

వడ్రంగి_ఇల్లు
ఈ మధ్య ఇంట్లో కప్‌బోర్డులు గానీ కొత్త మంచం గానీ చేయించారా? ప్లైవుడ్, ఎండీఎఫ్‌లలో వాడే జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ నెలల తరబడి వస్తుంది. ఉక్కపోత రోజుల్లో ఇంకా ఎక్కువ. మా నాన్న జీవితమంతా ఆ గదుల్లోనే పనిచేశాడు, కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. చౌక బోర్డు కొనేముందు, ఫార్మాల్డిహైడ్ తక్కువని చెప్పే ఈ1 గుర్తు ఉందా అని అడగండి. లోపలి అంచులకు కూడా ఎడ్జ్ బ్యాండ్ (అంచు మూసే పట్టీ) వేయించండి. చాలామంది కనిపించే వైపే వేయించి వదిలేస్తారు.

కింది_పోర్షన్
దసరాకు ముందు పిల్లల గదిలో వార్డ్‌రోబ్ చేయించాం! కానీ ఆ వాసన కళ్లు మండేలా ఉంటుంది, రోజంతా ఉంటుంది. ఇది వేరు. ఇది రాత్రే వస్తుంది.

గనిబిడ్డ
గోదావరిఖని నుంచి. మా కాలనీల్లో ఇప్పటికీ బొగ్గు పొయ్యిలు ఉన్నాయి, పొద్దున్నా సాయంత్రమూ వీధంతా పొగే. కరెంటు, ఎరువులు, బొగ్గు అన్నీ మావైపే కదా, అక్కడి గాలి వరంగల్ దాకా వచ్చే అవకాశం ఉందా?

ల్యాబ్_రాత్రులు
పీహెచ్‌డీ గాలి కాలుష్యం మీదే చేస్తున్నాను, గనిబిడ్డ అడిగినదానికి జవాబు ఇవ్వగలను. ప్రతి వీఓసీకీ గాలిలో ఆయుష్షు వేరు. ఎండలో బెంజీన్ వారం పైనే నిలుస్తుంది. టోలుయీన్ దానికంటే ఐదు రెట్లు వేగంగా విరిగిపోతుంది, రెండు మూడు రోజులే. థిన్నర్లలోనే ఉండే జైలీన్ ఒక్కరోజు కూడా సరిగా ఉండదు. కాబట్టి చాలా దూరం నుంచి వచ్చిన గాలిలో బెంజీన్ మిగులుతుంది, జైలీన్ పలచబడుతుంది. జైలీన్ నిండుగా ఉందంటే మూలం పక్కనే ఉన్నట్టు. గుప్పుమని వచ్చి రెండు గంటల్లో పోయే వాసన గోదావరిఖని, రామగుండం వైపు నుంచి రాదు, సందు అవతల నుంచి వస్తుంది.

మూలాన్ని పట్టుకోవడానికి మేం మొదట చూసేది టోలుయీన్ ఎంత, బెంజీన్ ఎంత అనే నిష్పత్తి. రోడ్డు మీది బండ్ల పొగ అయితే టోలుయీన్ ఒకటిన్నర నుంచి మూడు రెట్ల దాకా ఉంటుంది. రంగులు, థిన్నర్లు, జిగుర్లు అయితే అది బాగా పైకి పోతుంది. కట్టెలు, పిడకలు, బొగ్గు, వరి కొయ్యకాళ్లు కాలిస్తే బెంజీనే ఎక్కువ, నిష్పత్తి ఒకటి కంటే కిందికి దిగుతుంది. గోదావరిఖని బొగ్గు పొయ్యిల పొగ ఈ మూడోరకం. ఇవి కాక ఒక్కో మూలానికి ఒక్కో గుర్తు ఉంటుంది. ఐసోపెంటేన్ పెరిగితే పెట్రోల్ ఆవిరి, ప్రొపేన్ బ్యూటేన్ పెరిగితే గ్యాస్ సిలిండర్ లేదా గ్యాస్ ఆటోలు, అసిటోనైట్రైల్ పెరిగితే ఎక్కడో కట్టెలో గడ్డో కాలుతున్నట్టు.

ఆ మీటర్ ఇవేవీ విడదీసి చెప్పలేదు. అందులోని సెన్సార్ తాలింపుకూ అదే అరుస్తుంది, అత్తరుకూ అదే అరుస్తుంది. దాని అంకెను నమ్మొద్దు, అది పెరిగే సమయాన్ని మాత్రం నమ్మొచ్చు.

కాజీపేట_జంక్షన్
చెట్ల నుంచి కూడా వీఓసీలు వస్తాయని చదివాను. ములుగు రోడ్డు వైపు జామాయిల్ తోటలు ఎన్నో ఉన్నాయి కదా?

ల్యాబ్_రాత్రులు
వస్తాయి. జామాయిల్ చెట్టు ఐసోప్రీన్‌ను బాగా వదులుతుంది. కానీ దానికి వెలుతురు కావాలి, రాత్రి వదలదు. ఎనిమిదిన్నర వాసనకు చెట్టు మీద కేసు లేదు.

ఓరుగల్లు_పోరడు
బంకు మీద అనుమానం పోయింది, చెట్టు మీదా పోయింది. మిగిలింది రంగుల షెడ్డు. పక్కా!

స్ప్రేగన్
ఇంతసేపూ చదివి ఊరుకున్నాను. నేను కార్లకు రంగులేసేవాణ్ణే. అక్క చెప్పిన షెడ్డు నాది కాదు. ఎవరికి దగ్గొచ్చినా మా షెడ్ల మీదికే వస్తారు. మేం సాయంత్రం ఆరున్నరకు స్ప్రే ఆపేస్తాం, వెలుతురు లేకుండా రంగు షేడ్ కలవదు. ఎనిమిదిన్నరకు రంగు కొట్టేవాడు ఉండడు. మా పొట్ట కొట్టే ముందు ఒక్కసారి ఆలోచించండి.

రసాయన_మాస్టారు
స్ప్రేగన్ గారి మాటలో న్యాయం ఉంది. ఎవరి మీదా తీర్పు చెప్పొద్దు. అమ్మా కింది_పోర్షన్, వారం రోజులు ఒక నోటుబుక్కులో రాయండి. వాసన మొదలైన టైం, తగ్గిన టైం, ఏ గదిలో ముందు తెలిసింది, బయట ఉందా లేదా, ఆ రోజు షెడ్డు తెరిచారా. గాలి ఎటు వీస్తోందో అగరుబత్తి పొగ చెబుతుంది, కానీ మీటర్ చదవడం అయ్యాకే వెలిగించండి, లేకపోతే మీటర్ దాన్నే చదువుతుంది. కలరా ఉండలు బీరువాలో ఉంటే వారం పాటు తీసి బయట పెట్టండి. దోమల కాయిల్ కూడా ఆపండి. ఒక కాయిల్ కాలితే వచ్చే ఫార్మాల్డిహైడ్ 51 సిగరెట్ల దాకా సమానమని 2003లోనే పరిశోధకులు కొలిచి చెప్పారు.

మిర్చియార్డు
కాయిల్ విషయం మా ఇంట్లో చదివి వినిపించాను. మా అమ్మ అప్పుడే దోమతెర దులుపుతోంది.

కింది_పోర్షన్
తొమ్మిది రోజులు రాశాను. ఇవిగో.

మధ్యలో రెండు ఆదివారాలు వచ్చాయి, ఆ రెండు రోజులూ వాసన లేదు. మీటర్ 0.4 దాటలేదు. మిగతా ఏడు రోజులూ ఎనిమిదింబావుకూ తొమ్మిదికీ మధ్య మొదలైంది. గాలి బంకు వైపు నుంచి వచ్చినా వచ్చింది, అటు పోయినా వచ్చింది. నాకు అర్థం కానిది ఒక్కటే. మీటర్ పట్టుకుని వాకిట్లో నిలబడితే 0.5. ఇంట్లోకి వస్తే 2.3. అన్నిటికంటే ఎక్కువ వెనకవైపు చిన్న బాత్రూంలో, అక్కడ 4 దాకా పోయింది. ఆ బాత్రూం మా వాడు హాస్టల్‌కు వెళ్లినప్పటి నుంచి ఎవరూ వాడటం లేదు. థిన్నర్ డబ్బా లేదు, కలరా ఉండలు లేవు, ఫినాయిల్ కూడా లేదు. తలుపు తీస్తే మొహం మీద కొట్టినట్టు వస్తోంది.

బంకు_డ్యూటీ
ఆదివారం బంకు మూయరు. ఇప్పటికైనా మమ్మల్ని వదిలేయండి.

ఓరుగల్లు_పోరడు
సారీ అన్నా. తొందరపడ్డాను.

కాజీపేట_జంక్షన్
బాత్రూం అంటే మోరీ గ్యాసే. మురుగు వాసన.

వడ్రంగి_ఇల్లు
మురుగు వాసన కుళ్లిన గుడ్డులా ఉంటుంది, రంగు డబ్బాలా ఉండదు. పైగా ఆ గ్యాస్ ఉంటే వెండి పట్టీలు, కుంకుమభరిణె నల్లబడతాయి. నల్లబడ్డాయా?

కింది_పోర్షన్
లేదు, తళతళలాడుతున్నాయి.

ల్యాబ్_రాత్రులు
వడ్రంగి_ఇల్లు చక్కటి గుర్తు చెప్పారు. అది హైడ్రోజన్ సల్ఫైడ్, అసలు వీఓసీయే కాదు. ఇక్కడ ఆలోచించాల్సింది, ఆదివారం రాని వాసన, గాలి దిక్కుతో పనిలేని వాసన, బయట కంటే లోపల ఎక్కువగా ఉన్న వాసన. కిటికీలోంచి రావట్లేదు. నేల కిందినుంచి వస్తోంది. స్ప్రేగన్ అన్నా, మీరు ఆరున్నరకు ఆపేస్తామన్నారు. ఆ తర్వాత షెడ్డులో ఏం చేస్తారు?

స్ప్రేగన్
ఈ ప్రశ్న చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. చెబుతాను.

ఆరున్నరకు రంగు ఆపుతాం. మాస్కింగ్ పేపర్లు తీసి, బండి సర్ది, లెక్కలు చూసుకునేసరికి ఎనిమిది. ఆఖరి పని గన్ను కడగడం. గన్నులో థిన్నర్ పోసి రెండు మూడుసార్లు కొట్టి, ఆ మడ్డి థిన్నర్‌ను డబ్బాలో పడతాం. డబ్బా నిండితే, కొన్ని షెడ్లలో రోజూ కూడా, మోరీలో పారబోస్తారు. నేను పని నేర్చుకున్నప్పుడు మా ఉస్తాద్ దగ్గర నేనూ అలాగే చేశాను. ఆదివారం షెడ్డు బంద్. అక్క చెప్పిన టైం గన్ను కడిగే టైమే.

రసాయన_మాస్టారు
నాయనా, ఇది చెప్పడానికి మనసు కావాలి. ఇప్పుడు ముడి విడింది.

మన వరంగల్, హనుమకొండ పాత కాలనీల్లో స్నానాల నీళ్లు నేరుగా వీధి మోరీలోకే పోతాయి. మోరీ మీద బండలు కప్పి ఉంటే లోపల అదొక గొట్టంలా తయారవుతుంది. థిన్నర్ నీళ్లలో సరిగా కలవదు, పైన తేలుతూ ఆవిరవుతూ పోతుంది. దాని ఆవిరి గాలికంటే బరువు, కిందనే పాకుతుంది. ఇంటి పైపు మూతి దొరికితే అందులో దూరుతుంది. మామూలుగా బాత్రూం నేలలో నహానీ ట్రాప్ ఉంటుంది, అందులో నిలిచిన నీళ్లే మూతలా అడ్డుకుంటాయి. మీ చిన్న బాత్రూం నెలలుగా వాడటం లేదు కదమ్మా. ఆ నీళ్లు ఎండిపోయాయి. మూత లేని సీసాలా అయింది.

ఈ రాత్రే ఏడున్నరకు ఆ ట్రాప్‌లో రెండు చెంబుల నీళ్లు పోసి చూడండి. పైన ఒక చెంచా కొబ్బరినూనె వేస్తే నీళ్లు త్వరగా ఆరవు. ఒకటి మాత్రం మరవొద్దు, వాసన వచ్చే గంటలో ఆ బాత్రూంలో గీజర్ స్విచ్, లైటు స్విచ్ ముట్టొద్దు, అగ్గిపుల్ల గీయొద్దు. థిన్నర్ ఆవిరికి నిప్పురవ్వ చాలు.

కింది_పోర్షన్
పోశాను. రాత్రి 8:50కి ఇంట్లో 0.6. చిన్న బాత్రూంలో 0.7. అత్తయ్య పదింటికే నిద్రపోయింది. ఇన్ని వారాల తర్వాత ఇదే మొదటిసారి. ఏడుపొచ్చింది నాకు.

గనిబిడ్డ
మా పాత క్వార్టర్‌లో కూడా ఒక వాడని బాత్రూం ఉంది. ఇప్పుడే వెళ్లి నీళ్లు పోసి వచ్చాను.

ఓరుగల్లు_పోరడు
ఇప్పుడు ఆ షెడ్డు మీద కంప్లైంట్ పెట్టాల్సిందే కదా? ఇంట్లోకి రాకపోయినా మోరీలో పోయడం తప్పే.

వడ్రంగి_ఇల్లు
తప్పే. కానీ ముందు మాట్లాడాలి. ఆ షెడ్డులో పనిచేసే పిల్లలు ఆ ఆవిరిని రోజూ పది గంటలు పీలుస్తున్నారు, వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

రసాయన_మాస్టారు
మాట్లాడి వారం చూడండి. ఆగకపోతే వరంగల్‌లోనే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం ఉంది, అక్కడ రాతపూర్వకంగా ఇవ్వండి. మీ నోటుబుక్కు పేజీలు జతచేయండి. "వాసన వస్తోంది" అనే దరఖాస్తు కంటే టైములు, ఆదివారాలు, గాలి దిక్కు రాసిన దరఖాస్తును పక్కన పెట్టడం ఎవరికైనా కష్టం.

స్ప్రేగన్
నేను చేసే పద్ధతి చెబుతాను, ఆ షెడ్డాయనకు చూపించండి. వాడిన థిన్నర్‌ను మూత గట్టిగా ఉన్న ఇనుప డబ్బాలో పోసి రెండు రోజులు కదపకుండా ఉంచితే రంగు మడ్డి అడుక్కి దిగుతుంది. పైన తేరిన థిన్నర్‌తో తర్వాతి గన్నులు మొదటి కడుగు కడగొచ్చు. కొత్త థిన్నర్ ఖర్చు తగ్గుతుంది, ఈ మాట మాత్రం ఏ షెడ్డాయనైనా వింటాడు. అడుగు మడ్డిని మోరీలో వేయకూడదు, కాల్చకూడదు, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి.

ఒక సందేహం మాస్టారూ. మా దగ్గర బూత్‌లో నీళ్ల తెర పెట్టారు. అది ఆవిరిని కూడా ఆపుతుందా?

ల్యాబ్_రాత్రులు
నేను చెప్పనా మాస్టారూ. నీళ్ల తెర రంగు తుంపర్లను పడుతుంది, ఆవిరిని కాదు. ఆవిరికి యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్ కావాలి, అది నిండాక మార్చాలి. మీకూ అంతే అన్నా, గుడ్డ కట్టుకుంటే లాభం లేదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ తీసుకోండి. టూకే పెయింట్ (గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టే రంగు) కొట్టేటప్పుడు అందులోని ఐసోసైనేట్ల వల్ల ఉబ్బసం పట్టుకుంటుంది, దానికి గాలి గొట్టం బిగించిన మాస్క్ ఉంటేనే భద్రం.

కాజీపేట_జంక్షన్
ఒక ఇంటికి తొమ్మిది రోజులు పట్టింది. మొత్తం ఊరికి ఎట్లా కడతారు లెక్క? ఇన్ని బండ్లు, ఇన్ని పొయ్యిలు, ఇన్ని షెడ్లు.

ల్యాబ్_రాత్రులు
అక్క చేసిందే పెద్ద ఎత్తున చేస్తాం. ఊళ్లో చాలా చోట్ల, పొద్దున, రాత్రి, ఎండాకాలం, చలికాలం, వందల శాంపిళ్లు తీసి ఒక్కోదానిలో యాభై అరవై పదార్థాలను విడివిడిగా కొలుస్తాం. తర్వాత ఏవేవి కలిసి పెరుగుతున్నాయి, కలిసి తగ్గుతున్నాయి అని చూస్తాం. ఇలా కలిసి కదిలేవాటిని గుంపులుగా విడదీసే పీఎంఎఫ్ అనే లెక్క 1994లో పాటెరో, టాపర్ అనే ఇద్దరు ఇచ్చారు, ప్రపంచమంతా అదే ఎక్కువగా వాడుతుంది. వంద ఇళ్ల పచ్చిపులుసు రుచి చూసి, ఊళ్లో ఎన్ని రకాల చింతపండు అమ్ముతున్నారో చెప్పడం లాంటిది.

కానీ ఆ లెక్క "ఒకటో గుంపు, రెండో గుంపు" అని మాత్రమే ఇస్తుంది. ఆ గుంపు పేరు "రంగుల షెడ్లు" అని పెట్టేది మనిషే. ఆదివారం ఆ గుంపు తగ్గిందా, ఎనిమిదిన్నరకు పెరిగిందా అని చూసే పెడతాడు. గన్ను ఎప్పుడు కడుగుతారో తెలియని నాలాంటివాడు ల్యాబ్‌లో కూర్చుంటే ఆ గుంపుకు "రాత్రి ట్రాఫిక్" అని పేరు పెట్టేసే ప్రమాదం ఉంది. స్ప్రేగన్ అన్న చెప్పింది నా నోటుబుక్కులో రాసుకున్నాను.

కింది_పోర్షన్
ఈరోజు మా ఆయన, నేను కలిసి షెడ్డుకు వెళ్లాం. గొడవ కాలేదు. ఆయనకు మోరీలోంచి ఇళ్లలోకి వస్తుందని తెలియదట. డబ్బా పద్ధతి చెబితే విన్నాడు, థిన్నర్ మిగులుతుందంటే ఇంకా శ్రద్ధగా విన్నాడు. అక్కడ పదిహేడేళ్ల పిల్లాడు ఒకడు వట్టి చేతులతో థిన్నర్ గుడ్డ పిండుతున్నాడు. వాడి వేళ్లు తెల్లగా పొరలు లేచి ఉన్నాయి. స్ప్రేగన్ అన్నా, ఆ పనికి ఏ గ్లౌజులు కొనాలి?

స్ప్రేగన్
పల్చటి డాక్టర్ గ్లౌజులు థిన్నర్‌కు నిమిషాల్లో ఉబ్బి చిరిగిపోతాయి అక్కా. రబ్బరువి కూడా ఆగవు. థిన్నర్‌కు తట్టుకునేవి అని అడిగితే వెండి రంగులో పొరలు పొరలుగా ఉండేవి దొరుకుతాయి, వాటి మీద ఇంకో జత తొడగాలి. అన్నిటికంటే ముందు చేత్తో పిండటం మాన్పించండి. ఎల్లుండి నేనే అటు వస్తున్నాను, ఒక జత పట్టుకొస్తాను. ఆ పిల్లాడికి గన్ను డబ్బాలో కడగడం కూడా చూపిస్తాను.